తల్లి వెంట్రుక, దూడ వెంట్రుక: ఆవుల్లో డీఆర్‌బీ3 ప్రాజెక్టు డైరీ

జూన్, కాలేజీలు తెరిచాక

నేను విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో బయోటెక్నాలజీ చెబుతాను. ఈ ఏడాది ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టుకి ఆవుల రోగనిరోధక జన్యువును తీసుకున్నాం. పద్మనాభం, ఆనందపురం వైపు పల్లెల్లో పెంచే ఆవుల్లో డీఆర్‌బీ3 అనే జన్యువు ఏయే రూపాల్లో ఉందో చూడాలి. ఒంగోలు పోలిక ఉన్నవి, జెర్సీ సంకరాలు, ఏ జాతో చెప్పలేని నాటు ఆవులు, అన్నీ ఒకే పాకలో కనిపిస్తాయి అక్కడ.

ఈ జన్యువే ఎందుకని పిల్లలు మొదటి రోజే అడిగారు. మనుషుల కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే కణజాల యాంటిజెన్లు (కణానికి గుర్తింపునిచ్చే ప్రోటీన్లు) ఉన్నట్టే ఆవుల కణాల మీదా ఉంటాయి. వాటిని బోలా అంటారు. మనకు ఆ జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఉంటే, ఆవుకు 23వ దాని మీద ఉంటాయి. క్లాస్ వన్ అణువులు కేంద్రకం ఉన్న దాదాపు ప్రతి కణం మీదా కనిపిస్తాయి. క్లాస్ టూ అణువులు ముఖ్యంగా డెండ్రిటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు, బి కణాల మీద ఉంటాయి. ఈ కణాలు ఒంట్లోకి వచ్చిన సూక్ష్మజీవిని మింగి, దాని ప్రోటీన్లను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను క్లాస్ టూ అణువులో పెట్టి, రోగంతో పోరాడే టి కణాలకు చూపిస్తాయి. రెండు అరచేతులు కలిపి పట్టిన దోసిలి లాంటిది ఆ అణువు. ఒక అరచేయి డీఆర్‌ఏ, అది దాదాపు అన్ని ఆవుల్లోనూ ఒకేలా ఉంటుంది. రెండో అరచేయి డీఆర్‌బీ3, అది ఆవుకూ ఆవుకూ మారుతుంది. మారేది ఎక్కువగా ఆ జన్యువు రెండో ఎక్సాన్‌లోనే, అంటే దోసిలి లోపలి భాగాన్ని తయారుచేసే చోటే. దోసిలి ఆకారం మారితే అందులో ఇమిడే ముక్కలూ మారతాయి. కాబట్టి ఒకే సూక్ష్మజీవి వచ్చినా రెండు ఆవుల టి కణాలు చూసేది వేర్వేరు ముక్కల్ని కావచ్చు.

ఈ జన్యువుకు ఇప్పటికి 300కు పైగా అల్లీళ్లు, అంటే వేర్వేరు రూపాలు, నమోదయ్యాయి. వాటి పేర్లూ డీఎన్‌ఏ అక్షరాల వరుసలూ ఐపీడీ-ఎంహెచ్‌సీ డేటాబేస్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పిల్లలకు మొదటి హోంవర్క్ అదే ఇచ్చాను.

జులై, మొదటి వానల తర్వాత

శాంపిల్ ఏది తీసుకోవాలన్న దాని మీద చాలా చర్చ జరిగింది. రక్తం మేం తీయకూడదు, పశువుల డాక్టరే తీయాలి. పైగా సూది చూస్తే ఆవు బెదురుతుంది, ఆవును చూసి ఇంటివాళ్లు బెదురుతారు. పాలలోనూ ఆవు కణాలు ఉంటాయి, వాటి నుంచి డీఎన్‌ఏ తీయొచ్చు. కానీ దూడ పాలివ్వదు కదా, మాకు దూడలూ కావాలి. చివరికి తోక కుచ్చులోని వెంట్రుకలు అనుకున్నాం. కత్తిరిస్తే పనికిరాదు, వేరుతో సహా ఊడిరావాలి. చివర తెల్లగా చిన్న ఉబ్బు కనిపిస్తే అందులో కణాలున్నట్టు. నాలుగైదు వెంట్రుకలు వేలికి చుట్టి ఒక్కసారి లాగితే ఆవు తోక విదిలించి మళ్లీ నెమరు మొదలుపెడుతుంది.

వెంట్రుకలను కాగితపు కవర్లలోనే పెట్టాం. సముద్రం పక్కనున్న ఊళ్లో గాలిలోని తేమ సంగతి తెలిసిందే, ప్లాస్టిక్ కవర్లో పెడితే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. కాగితపు కవర్లన్నీ ఒక డబ్బాలో వేసి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి మూసేశాం. నీలం రంగు గులాబీకి మారితే పొట్లం మార్చాలి. ఆ పని మా పిల్లల్లో ఒకమ్మాయి తనే మీద వేసుకుంది.

పద్మనాభం దగ్గర ఒక పల్లెలో మేం వెళ్లిన మొదటి పాక ఒక మామ్మది. ఆమె ఆవుల గురించి చెబుతుంటే పిల్లలు రాయడం ఆపి వినడంలో పడ్డారు. ఏ ఆవు ఏ ఆవుకి పుట్టింది, ఏ ఈతలో పెయ్య, ఏ ఈతలో కోడె, ఏది ఏ పండక్కి ఈనింది, దేనికి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించారు, దేన్ని ఊరి ఎద్దుకి కట్టించారు, అన్నీ ఆమె నోటి మీదే ఉన్నాయి.

"ఈ ఎర్రావు తమ్ముడేడీ మామ్మా?" అని అడిగాను.

"ఆడ్ని అప్పన్నకిచ్చేసినాం పాపా. మొక్కుంది" అంది.

సింహాచలం అప్పన్నకు కోడెదూడను సమర్పించడం ఇక్కడ ఇళ్లలో ఉన్న ఆనవాయితీయే. మా వంశవృక్షంలో ఆ గడి ఖాళీగా ఉంచి "స్వామికి" అని రాశాం.

ఆ రోజే ఒక నిర్ణయం తీసుకున్నాను. విడివిడి ఆవుల శాంపిళ్లు వద్దు. దొరికినంత వరకు తల్లీ దూడా జతగా, వీలైతే అక్కచెల్లెళ్లు కూడా. దీనివల్ల తిరుగుడు పెరుగుతుందని తెలుసు. లెక్కల్లో జాగ్రత్త కూడా కావాలి, ఎందుకంటే బంధువులు ఎక్కువున్న గుంపులో అల్లీళ్ల శాతాలు నేరుగా చెప్పకూడదు. అయినా ఇదే సరైన దారి అనిపించింది. ఎందుకో సెప్టెంబరు పేజీలో ఉంది.

ఆగస్టు

డీఎన్‌ఏ తీయడం సాఫీగా సాగింది. వేర్లున్న చివర్లు మాత్రం కత్తిరించి, ప్రోటీన్లను విడగొట్టే ప్రోటీనేజ్-కే అనే ఎంజైము వేసి 56 డిగ్రీల దగ్గర కరిగించి, తర్వాత 95 డిగ్రీల దగ్గర ఆ ఎంజైమును ఆపేయడం. వచ్చేది కొంచెమే, కానీ డీఎన్‌ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పీసీఆర్‌కి ఆ కొంచెం చాలు.

పీసీఆర్ మాత్రం రెండు దశల్లో చేయాలి. 1992లో వాన్ ఐక్ బృందం ప్రచురించిన పద్ధతి ఇది, చాలా ల్యాబుల్లో ఇప్పటికీ వాడుతున్నారు. మొదటి దశలో ఒక జత ప్రైమర్లతో (కావలసిన ముక్క చివర్లకు అతికే చిన్న డీఎన్‌ఏ తునకలు) కొద్ది సైకిళ్లు, అంటే నకళ్లు తీసే విడతలు, రెండో దశలో ఒక ప్రైమర్ అదే ఉంచి రెండోది ఇంకాస్త లోపలికి అతికేది వాడి మళ్లీ పెంచడం. చివరికి 284 బేస్ జతల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క రావాలి. డీఆర్‌బీ3కి దగ్గరి పోలికున్న జన్యువులు పక్కనే ఉంటాయి కాబట్టి, వాటిని పక్కన పెట్టి సరైనదాన్నే పట్టుకోవడానికి ఈ రెండు దశలు ఉపయోగపడతాయి.

ఆ వారంలో కరెంటు సతాయించింది. సైకిళ్ల మధ్యలో మెషిన్ ఆగితే ఆ ట్యూబులు పారబోయాల్సిందే. పిల్లలకు టెన్షన్. ఇన్వర్టర్ కనెక్షన్ పీసీఆర్ మెషిన్‌కి మార్పించాక కుదుటపడ్డాం.

284 ముక్క వచ్చాక దాన్ని మూడు ఎంజైములతో విడివిడిగా కోస్తాం: రసా-వన్, హే-త్రీ, బీఎస్‌టీవై-వన్. ఒక్కో ఎంజైము తనకు తెలిసిన అక్షరాల వరుస కనపడిన చోటే కోస్తుంది. హే-త్రీకి జీజీసీసీ కావాలి, రసా-వన్‌కి జీటీఏసీ. మొదటి రెండూ 37 డిగ్రీల దగ్గర పనిచేస్తాయి, మూడోదానికి 60 డిగ్రీలు కావాలి. ముక్కలను జెల్లో నడిపిస్తే పొడవును బట్టి విడిపోయి గీతలుగా కనిపిస్తాయి, ఆ పొడవులు చూసి ఆ ఆవులో ఏ రూపం ఉందో చెప్పొచ్చు. ఉదాహరణకు హే-త్రీ ఒక రూపాన్ని 219, 65గా కోస్తే, ఇంకో రూపాన్ని 167, 65, 52గా కోస్తుంది.

65, 52 అంటే మరీ చిన్న ముక్కలు. మామూలు అగరోస్ జెల్లో అవి మసకగా కలిసిపోతాయి. అందుకే పాలీఅక్రిలమైడ్ జెల్ పోసి వెండితో రంగు వేశాం. ఈ పనిలో ఒక సంగతి కొత్తవాళ్ల కోసం రాసిపెడుతున్నాను. సిల్వర్ స్టెయినింగ్‌కి కుళాయి నీళ్లు వాడకూడదు. నీళ్లలోని క్లోరైడ్ వెండితో కలిసి తెల్లటి మసక కడుతుంది, జెల్ అంతా పాలపొరలా కనిపిస్తుంది. అన్ని కడుగుళ్లకూ డిస్టిల్డ్ వాటరే. ఇంకొకటి, గడ్డకట్టక ముందు అక్రిలమైడ్ నరాలకు విషం. గ్లౌజు లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

సెప్టెంబరు

ఇప్పుడు అసలు చిక్కు. ఏ ఆవుకైనా 23వ క్రోమోజోములు రెండు, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. రెండింటి మీదా ఒకే అల్లీల్ ఉంటే ముక్కల పొడవులు కలిపితే 284 వస్తుంది, గొడవ లేదు. వేర్వేరు ఉంటే రెండు రూపాల ముక్కలూ జెల్లో ఒకే నిలువు వరుసలో పడతాయి. కలిపితే 284 దాటిపోతుంది. అంతవరకు బాగానే అర్థమవుతుంది. కానీ మూడు ఎంజైముల్లోనూ రెండేసి రూపాలు కనిపించాయనుకోండి. రసా-వన్ చూపిన మొదటి రూపం హే-త్రీ చూపిన ఏ రూపంతో కలిసి ఒకే క్రోమోజోము మీద ఉంది? బీఎస్‌టీవై-వన్ రూపం ఏది దానితో జత? జెల్ చెప్పదు. కాగితం మీద నాలుగు రకాల జతలు సాధ్యం. నాలుగింట్లో కొన్ని ఇంతవరకు ఎవరూ చూడని అల్లీళ్లయితే వాటిని పక్కన పెడతాం, అయినా ఒక్కోసారి రెండు మిగిలిపోతాయి. నేరుగా సీక్వెన్సింగ్‌కి (డీఎన్‌ఏ అక్షరాలు చదివించడానికి) పంపినా ఇదే కథ, తేడా ఉన్న ప్రతిచోటా గ్రాఫులో రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. క్లోనింగ్ చేసి, అంటే ఒక్కో ముక్కను బ్యాక్టీరియాలో విడిగా పెంచి, విడదీయొచ్చు. ప్రతి ఆవుకీ అంత ఖర్చు మా కాలేజీ బడ్జెట్ భరించదు.

ఇక్కడే మామ్మ చెప్పిన వంశాలు అక్కరకొచ్చాయి. దూడకు వచ్చే రెండు అల్లీళ్లలో ఒకటి తప్పనిసరిగా తల్లిదే. ఆమె ఎర్రావు మూడు ఎంజైముల్లోనూ రెండేసి రూపాలు చూపించింది. దాని పెయ్యలో మూడింటికీ ఒక్కొక్క రూపమే, అంటే దాని రెండు క్రోమోజోముల మీదా ఒకటే అల్లీల్. అది ఏదో ఇక సందేహం లేదు. అది తల్లి దగ్గరా ఉండి తీరాలి. తల్లి గీతల్లోంచి ఆ ముక్కలు తీసేస్తే మిగిలింది తల్లి రెండో అల్లీల్. బోర్డు మీద ఈ తీసివేత ఒక్కొక్కటిగా చేస్తూ పోతుంటే వెనక బెంచీలో కూర్చునే అబ్బాయి లేచి వచ్చి చివరి రెండు అడుగులు తనే రాశాడు. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా సంతోషమనిపించిన రోజు అది.

ఒక జాగ్రత్త. ఒక్క రూపమే కనిపించినంత మాత్రాన నిజంగా రెండూ ఒకటే అనుకోలేం. ప్రైమర్ సరిగ్గా అతకకపోయినా, డీఎన్‌ఏ మరీ తక్కువైనా రెండో అల్లీల్ పెరగకుండా పోవచ్చు. అందుకే అలాంటి ప్రతి దూడకీ వేరే వెంట్రుకల నుంచి డీఎన్‌ఏ మళ్లీ తీసి చూశాం. ఎర్రావు పెయ్య అప్పుడూ అలాగే వచ్చింది.

వంశాల సమాచారం శాంపిల్ పక్కన రాసుకునే అదనపు వివరం అని ఇదివరకు అనుకునేవాళ్లు మా పిల్లలు. ఇప్పుడు అది నాలుగో ఎంజైము అయ్యింది. ఆవును పెంచే వాళ్లకు, ముఖ్యంగా రోజూ పాలు పితికే ఆడవాళ్లకు, తెలిసినది మా పద్ధతిలో సగం. రిపోర్టులో వాళ్ల పాత్రను పద్ధతుల విభాగంలోనే రాయాలని, చివర్లో కృతజ్ఞతలతో సరిపెట్టకూడదని పిల్లలకు చెప్పాను.

అక్టోబరు, దసరా సెలవుల ముందు

ఆనందపురం వైపు ఒక జత లెక్కకు కుదరలేదు. తల్లిలో ఉన్న రెండు అల్లీళ్లలో ఒక్కటీ దూడలో లేదు. కవర్లు తారుమారయ్యాయేమోనని ఇద్దరికీ కొత్తగా వెంట్రుకలు తెచ్చి చేశాం. అదే ఫలితం. అల్లీల్ పెరగకుండా పోయిందేమోనని పీసీఆర్‌లో అతికే ఉష్ణోగ్రత తగ్గించి చూశాం. అదే ఫలితం. ఇక ఆ ఇంటికే వెళ్లి ఇంటామెను అడిగాం.

"అది దీని దూడ కాదమ్మా. దీని దూడ పుట్టిన మూడోనాడే పోనాది. ఇప్పుడున్న దూడ తల్లి పాముకాటుకి పోనాది. దూడ లేకపోతే ఇది చేపదు, దానికి పాలు లేవు. ఇద్దరికీ అలవాటు చేసినాం" అంది.

మేం వెంట్రుకలు తీసిన రోజు ఆమె ఊళ్లో లేదు. ఇంట్లో ఉన్న చిన్నపిల్లాడు పాలు తాగుతున్న దూడను చూపించి తల్లీదూడలని చెప్పాడు. వాడి కళ్లకు అవి తల్లీదూడలే. ఆ ఆవు దూడను నాకుతూ ఉంటే మాకూ అలాగే అనిపించింది.

ఈ సంఘటన తర్వాత కవర్ మీద ఈనిన ఆవుకు ఒక గడి, పాలిచ్చే ఆవుకు ఒక గడి పెట్టాం. ఇంకో మంచి కూడా జరిగింది. వరుస కలవని జతను మా పద్ధతి తనంతట తాను పట్టుకుందన్న నమ్మకం కలిగింది. జెల్ చదవడంలో మాకు పక్షపాతం ఉండి ఉంటే, తల్లీదూడలే కదా అని ఎక్కడో ఒక గీతను కలిపేసుకునేవాళ్లం. కవర్ల మీద అంకెలే ఉండి, ఎవరు ఎవరికి ఏమవుతారో జెల్ చదివేవాళ్లకు తెలియకుండా ఉంచడం వల్లే ఇది బయటపడింది.

నవంబరు

వానలతో రోడ్లు బాగాలేక కొన్నాళ్లు పల్లెలకు వెళ్లలేదు. ల్యాబ్‌లో కూర్చుని చదువుకున్నాం. చదువుతుండగానే ఒక కబురు వచ్చింది: ఒక పాకలో ఆవు కవలల్ని ఈనింది, ఒకటి పెయ్య, ఒకటి కోడె.

ఆవుల్లో ఇలాంటి కవలల కథ రోగనిరోధక శాస్త్రంలో చాలా పెద్దది. గర్భంలో రెండు మావులూ కలిసిపోయి ఒకరి రక్తం మరొకరిలోకి వెళ్తుంది. ఆ పెయ్యలు చాలావరకు గొడ్డుగా మిగులుతాయి. ఇది రైతులకు తెలిసిన విషయమే, మామ్మ కూడా "అది కట్టదు" అనే అంది. 1945లో రే ఓవెన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి కవలలు పెద్దయ్యాక కూడా ఒంట్లో రెండు రకాల రక్తకణాలు మోస్తున్నాయని చూపించాడు. పరాయి కణాలు ఒంట్లో ఉన్నా శరీరం వాటి మీద దాడి చేయలేదు. తర్వాత పీటర్ మెడవార్ అనే శాస్త్రవేత్త బృందం కవల దూడల మధ్య చర్మం అతికించి చూసింది. అచ్చు కవలలు కానివి కూడా ఒకదాని చర్మం మరొకటి నిలుపుకున్నాయి. పుట్టకముందే పరిచయమైన కణాలను శరీరం తనవిగానే చూస్తుందన్న అవగాహన ఇక్కడి నుంచే బలపడింది. ఈ అవగాహన మీద పనిచేసిన ఫ్రాంక్ బర్నెట్‌కు, మెడవార్‌కు 1960లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ సహనం గురించిన పనికే. ఈ రంగంలో పశువైద్యుల పాత్ర కూడా పిల్లలకు చెప్పాను. టి కణాలు సూక్ష్మజీవి ముక్కను ఈ కణజాల యాంటిజెన్లతో కలిపి మాత్రమే గుర్తిస్తాయని జింకర్‌నాగెల్ అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టిన పీటర్ డోహర్టీ చదివింది పశువైద్యమే. వాళ్లిద్దరికీ 1996లో నోబెల్ వచ్చింది.

మాకు దీంతో నేరుగా పని పడింది. డాక్టరు గారు వేరే పరీక్ష కోసం ఆ కవలల నుంచి రక్తం తీశారు, అందులో మిగిలిన కాస్త మాకిచ్చారు. రక్తం నుంచి చేసిన జెల్లో రెండు దూడలకూ గీతలు కిక్కిరిసి వచ్చాయి. ఏ ఒక్క ఆవుకైనా ఉండాల్సిన రెండు అల్లీళ్లతో ఆ గీతల్ని వివరించడం కుదరలేదు. వెంట్రుకల నుంచి చేసిన జెల్లో మాత్రం ఒక్కో దూడకీ రెండే, తల్లితో సరిపోయేలా. రక్తంలో తోబుట్టువు కణాలు కూడా తిరుగుతున్నాయి, వెంట్రుక వేరులో ఉన్నవి ప్రధానంగా దాని సొంత కణాలు. జులైలో ఖర్చు, సౌకర్యం చూసి వెంట్రుకలు ఎంచుకున్నాం. కవలల విషయంలో అదే సరైన శాంపిల్ కూడా అని ఈ రెండు జెల్లూ పక్కపక్కన పెడితే తేలింది. ఆ ఫొటో ల్యాబ్ గోడకు అతికించాం.

డిసెంబరు

పల్లెల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న: "మా ఆవుది మంచి జన్యువేనా?" దీనికి సమాధానం చెప్పేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉంటున్నాం. డీఆర్‌బీ3 రూపాలకూ కొన్ని జబ్బులకూ సంబంధం ఉన్న మాట నిజం. బొవైన్ ల్యుకీమియా వైరస్ సోకినా, 009:02 అనే అల్లీల్ ఉన్న ఆవుల్లో ఒంట్లో ఆ వైరస్ పరిమాణం తక్కువగా ఉంటుందని హోల్‌స్టీన్ లాంటి విదేశీ జాతుల్లో చూశారు. పొదుగువాపు గురించీ, గాలికుంటు టీకాకు వచ్చే స్పందన గురించీ కూడా పరిశోధనలున్నాయి. కానీ ఒక జబ్బుకు కలిసొచ్చిన రూపం ఇంకో జబ్బుకు కలిసిరాకపోవచ్చు. ఒక జాతిలో తేలింది ఒంగోలుకు గానీ నాటు ఆవుకు గానీ అలాగే వర్తిస్తుందని చెప్పే హక్కు మాకు లేదు. అందుకని ఏ ఇంట్లోనూ ఏ ఆవునూ మంచిదని గానీ చెడ్డదని గానీ అనలేదు. ఆ మాట పట్టుకుని ఒక ఆవును అమ్మేస్తే ఆ నష్టం ఎవరిది?

మేం చెప్పగలిగిందీ, చెబుతున్నదీ ఒకటుంది. మందలో రకాలు ఎక్కువుంటే మంచిది. రేపు ఏ కొత్త జబ్బు వస్తుందో తెలియదు. 2022లో ముద్దచర్మం జబ్బు దేశమంతా ఎలా పాకిందో అందరూ చూశారు. దోసిళ్లు రకరకాలుగా ఉన్న మందలో ఆ జబ్బు ముక్కను సరిగ్గా చూపించగలిగే ఆవులు కొన్నయినా ఉండే అవకాశం ఎక్కువ. ఊరంతా ఒకే ఎద్దు వీర్యం వాడుతూ పోతే, కొన్ని తరాల్లో ఆ ఎద్దు అల్లీళ్లు రెండే ఊరంతా పరుచుకుంటాయి. మా జెల్లలో ఒక పల్లెలోని సంకర దూడల్లో ఒకే రూపం మళ్లీ మళ్లీ కనబడుతోంది. దానికి కారణం ఒకే ఎద్దా, యాదృచ్ఛికమా అన్నది ఇప్పుడు తేల్చాలి.

తేల్చడానికి దారి దొరికింది. పల్లెల్లో ఆవులకు కృత్రిమ గర్భధారణ సూది వేసే గోపాలమిత్రను అడిగితే, వాడేసిన వీర్యం స్ట్రాలు పారేయకుండా దాచి ఇస్తానన్నాడు. ఖాళీ స్ట్రాలో కూడా డీఎన్‌ఏకి సరిపడా తడి మిగులుతుంది, ఎద్దు నంబరు స్ట్రా మీదే అచ్చయి ఉంటుంది. వీర్యకణం తల గట్టిగా బిగిసి ఉంటుంది కాబట్టి ప్రోటీనేజ్-కే ఒక్కటే చాలదు, ఆ బిగువు విప్పే డీటీటీ అనే రసాయనం కూడా కలపాలి. దానికి ఆర్డర్ పెట్టాం. ఎద్దు అల్లీళ్లు తెలిస్తే తండ్రి వైపు నుంచి కూడా తీసివేత చేయొచ్చు, ఇంకా రెండేసి జవాబులతో మిగిలిపోయిన ఆవుల్లో కొన్ని విడిపోతాయి. అప్పటికీ విడిపోనివి మాత్రమే సీక్వెన్సింగ్‌కి హైదరాబాద్ పంపుతాం. ఆ జాబితా పిల్లలు ఇప్పటికే రాసి ఫ్రీజర్ తలుపు మీద అతికించారు. సంక్రాంతి సెలవులయ్యాక మొదటి పని స్ట్రాలు తెచ్చుకోవడం.